చెరువు నీటి నిర్ణయము - అణాల లెక్క

వానకాలపు పంట కళ్ళము దాటి యిల్లు చేరి, యాసంగి నారుమళ్ళకు రైతు సిద్ధపడు వేళ ప్రతి చెరువు క్రిందను ఒకే ప్రశ్న పుట్టును. ఉన్న నీరు ఎంత నేలకు సరిపోవును? ఎవరి మడికి పారవలెను, ఎవరి మడి యెండవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు ఒక్కరు కారు, పలువురు. ఆ పలువురిలో ఏ యొక్కరికిని చెరువు లోతును గూర్చి గాని, రాబోవు ఎండలను గూర్చి గాని, బావుల యూటను గూర్చి గాని నిశ్చయముగా తెలియదు. అయినను నిర్ణయము చేయక తప్పదు. నిర్ణయము తప్పినచో నష్టము అందరికిని సమానముగా రాదు. ఆయకట్టు చివరనున్న చిన్నరైతు ఇంటికే అది మొదట వచ్చును.

నిశ్చయము లేని విషయములలో పలువురు కూడి నిర్ణయము చేయుటెట్లు అను ప్రశ్నను గూర్చి గణితవేత్తలు అరువది యేండ్లుగా విచారించుచున్నారు. వారు కనిపెట్టిన పద్ధతులలో ఒకదానికి అస్పష్ట సమితుల పద్ధతి యని పేరు. ఇంగ్లీషువారు ఫజీ సెట్ అందురు. పేరు క్రొత్తదైనను అందలి మూలభావము మన పల్లెలకు క్రొత్తది కాదని మేము చూపదలచినాము. పాలకుర్తి ప్రాంతమువంటి చెరువుల సీమలో ఆ పద్ధతి యెట్లు పనికివచ్చునో, ఎక్కడ పనికిరాదో సంఘ సభ్యులకు విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

గట్టి గీతల వలన చిక్కు

మన వ్యవహారములో గీత గీసి చెప్పు మాటలు పెక్కు గలవు. భారత వాతావరణ శాఖవారు దేశమంతటి నైరుతి వర్షమును వర్ణించుటకు కొన్ని గీతలు గీసినారు. దీర్ఘకాలపు సగటులో నూటికి 96 నుండి 104 వంతుల వర్షము కురిసినచో దానిని 'సాధారణము' అందురు. 90 నుండి 95 వంతులు కురిసినచో 'సాధారణము కన్న తక్కువ' అందురు. 90కి లోబడినచో అది 'లోటు'. 1971 మొదలు 2020 వరకు గల లెక్కల ప్రకారము ఆ సగటు 87 సెంటీమీటర్లు. ఇందు 96 వంతులనగా సుమారు 83న్నర సెంటీమీటర్లు. 95 వంతులనగా సుమారు 82న్నరకు కొంచెము పైన. నాలుగు మాసముల వానలో తొమ్మిది మిల్లీమీటర్లకు లోబడిన తేడా! ఆ కొలదిపాటి తేడాతో ఒక సంవత్సరము ఒక గదిలోను, మరియొక సంవత్సరము వేరొక గదిలోను పడును. నేలకు మాత్రము ఆ తేడా తెలియదు.

జిల్లాల విషయమున కూడ ఇట్లే. సగటుకు నూటికి 19 వంతులు తగ్గినను ఆ జిల్లా 'సాధారణము'. 20 వంతులు తగ్గినచో 'లోటు'. లెక్కలు వ్రాయువారికి గీతలు కావలసినవే. అవి లేక పట్టికలు నడువవు. కాని ఆ గీతనే పట్టుకొని 'సాధారణ వర్షమే గదా, చెరువు క్రింద అంతటను వరి వేయుదము' అని సభలో ఒకరనినచో, గీతకు ఈవలనున్న వెంట్రుకవాసి భేదముమీద వందల యెకరముల పంటను నిలుపుటయే యగును.

రైతు మాటలాడు తీరు వేరు. 'నేల పదునుగా నున్నది' అనును. ఎంత వాన కురిసిన పదును? పత్తి విత్తుటకు 60 నుండి 70 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగుగా తడియవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అట్లని 59 మిల్లీమీటర్లకు పదును లేదనియు, 60కి వచ్చినదనియు ఎవరును అనరు. 20 మిల్లీమీటర్లకు పదును లేదు. 40కి కొంత కలదు. 60కి చాలవరకు కలదు. 75కి నిండుగా కలదు. రేగడి నేలలో ఎడతెరపి లేని వానలు కురిసినచో మరల పదును తప్పి బురద యగును. చెలక నేలలో నాలుగు దినముల యెండకే పదును ఆరిపోవును. పదును అనునది క్రమముగా వచ్చి క్రమముగా పోవునది. దానికి గట్టు లేదు, ఏటవాలు కలదు.

మన అణాల లెక్క

ఇట్టి యేటవాలును కొలుచుటకు మన పెద్దలకు ఒక మంచి కొలత యుండెను. 'ఈ యేడు పదియారణాల పంట', 'మా చెలకలో ఎనిమిదణాల పంట' అని వారనుచుండిరి. రూపాయికి పదియారణాలు గనుక, పండవలసినంత పండినచో పదియారణాలు. సగము పండినచో ఎనిమిదణాలు. రెవెన్యూ వారును పంట స్థితిని అణాలలో అంచనా కట్టి, అణాలు తక్కువైన చోట శిస్తు తగ్గింపును గూర్చి విచారించు వాడుక దేశమున పలుచోట్ల నుండెను. 1957 ఏప్రిలులో దశాంశ నాణెములు వచ్చి అణా చెలామణి నుండి తొలగినది గాని, 'పదహారణాల' అను మాట నేటికిని మన నోట నిలిచియున్నది.

'పంట పండినది' అను మాట నిజమా, అబద్ధమా అని అడుగక, 'ఎన్ని అణాలు నిజము?' అని అడుగుటయే అస్పష్ట సమితుల మూలసూత్రము. దీనిని గణితముగా స్థాపించినవాడు లోట్ఫీ జాదే. అతడు 1921లో బాకూ నగరమున జన్మించి, టెహరానులో చదివి, 1944లో అమెరికాకు వెళ్ళి, తరువాత బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై 2017లో మరణించెను. 1965లో అతడు ప్రకటించిన వ్యాసమున ఈ సిద్ధాంతము మొదట వెలువడెను. అంతకు పూర్వపు గణితమున ఒక వస్తువు ఒక గుంపులో చేరియైన నుండవలెను, చేరకయైన నుండవలెను. నడుమ స్థితి లేదు. జాదే ఆ చేరికకు సున్న మొదలు ఒకటి వరకు పరిమాణమును కల్పించెను. మన లెక్కలో చెప్పవలెనన్న సున్న అణాల నుండి పదియారణాల వరకు.

ఆ లెక్కకు నియమములును తేలికయే. చెరువు 'నిండుగా నున్నది' అను మాట పన్నెండణాలు నిజమైనచో, 'నిండుగా లేదు' అను మాట మిగిలిన నాలుగణాలు నిజము. నేల పదును పన్నెండణాలు, విత్తనపు మంచితనము పదణాలు అయినచో, 'పదునును కలదు, విత్తనమును మంచిదే' అను జంటమాట పదణాలే నిజము. రెంటిలో తక్కువది యేదో అదే దాని విలువ. 'ఇదియైనను కలదు, అదియైనను కలదు' అన్నచో రెంటిలో ఎక్కువది. ఇంతమాత్రపు పునాదిమీద ఎంతో పెద్ద కట్టడము లేచినది. 1987లో జపాను దేశపు సెండాయి నగరమున భూగర్భ రైళ్ళను కుదుపు లేకుండ నడుపుటకును ఆపుటకును ఈ లెక్కనే వాడిరి. ఇండ్లలోని బట్టలుతుకు యంత్రములలో కూడ ఇది ప్రవేశించినది.

అవకాశము వేరు, పరిమాణము వేరు

ఇచ్చట ఒక భేదమును స్పష్టముగా గ్రహింపవలెను. 'రేపు వాన వచ్చుటకు సగము అవకాశము కలదు' అనుట ఒకటి. 'చెరువు సగము నిండుగా నున్నది' అనుట మరియొకటి. మొదటిదానిలో మనకు తెలియనిది రేపటి సంగతి. రేపు తెల్లవారి సాయంకాలమగుసరికి వాన వచ్చినదో రాలేదో తేలిపోవును, సందేహము తీరును. రెండవదానిలో తెలియనిది ఏమియు లేదు. కట్టమీద నిలిచి కన్నులార చూచినను, కొలకఱ్ఱ వేసి కొలిచినను, 'నిండు చెరువా, కాదా' అను తగవు తీరదు. అది మాటలోనే యున్న యేటవాలు.

మన సభలలో ఈ రెండును కలిసిపోవుచుండును. 'నీరు చాలదు' అని ఒకరు, 'చాలును' అని యొకరు వాదించునప్పుడు, ఒకరు రాబోవు ఎండలకు భయపడి చెప్పుచుండవచ్చును. ఇంకొకరు 'చాలుట' అను మాటకే వేరు అర్థము పెట్టుకొనియుండవచ్చును. ఎకరమునకు నిండు దిగుబడి వచ్చుటయే చాలుట యని యొకరి భావము. గింజ తాలు కాక యిల్లు చేరుటయే చాలుట యని మరియొకరి భావము. అవకాశమును గూర్చిన సందేహమును వానల లెక్కలతో తీర్చుకొనవలెను. మాటను గూర్చిన సందేహమును పరిమాణముతో విడదీసి చెప్పుకొనవలెను. రెండు రోగములకు ఒకే మందు పనిచేయదు.

పాలకుర్తి సీమ చెరువులు

ఇక మన ప్రాంతమునకు వత్తము. పాలకుర్తి పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11 నుండి జనగామ జిల్లాలోనిది. ఇది పాలకురికి సోమనాథుని పేరుతో ముడిపడిన ఊరు. పోతనామాత్యుని బమ్మెర ఈ మండలములోనిదే. 1940 తరువాతి సంవత్సరములలో చాకలి ఐలమ్మ పండించిన పంటను దొర మనుష్యులు కొనిపోకుండ సంఘమువారు కూడి యింటికి చేర్చినదియు ఈ నేలమీదనే. పలువురు కూడి నిర్ణయించుట యనునది ఇచ్చటివారికి పుస్తకములోని మాట కాదు.

ఈ సీమలో చెలక నేలలు మిక్కుటము, పెద్దనది దగ్గరలేదు. కాకతీయుల కాలము నుండి గొలుసుకట్టు చెరువులు, కుంటలు, మత్తళ్ళు సేద్యమునకు ఆధారములు. నిజాము కాలపు లెక్కలలో వానకాలపు పంటను ఆబీ యనియు, యాసంగిని తాబీ యనియు వ్రాయుచుండిరి. చెరువులో నిలిచిన నీటిని చూచి తాబీకి ఎంత భూమి పారునో ముందుగా ఖరారు చేయుటకు తైబందీ యని పేరు. నీరడి తూము తీసి నీరు వదలును గాని, ఎంత వదలవలెనో నిర్ణయము ఊరిది, సర్కారుది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ రాష్ట్రమున సాగునీటి యాజమాన్యమును రైతులకు అప్పగించు చట్టము వచ్చి, నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడెను. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైబడిన చెరువులను, కుంటలను పూడిక తీసి బాగుచేయ సంకల్పించిరి. దేవాదుల వద్ద గోదావరి నీటిని ఎత్తి మెట్టసీమ చెరువులకు చేర్చు పథకమును వచ్చినది. నీటి మార్గములు పెరిగినవి. అయినను యాసంగి ముంగిట 'ఎంత నేలకు?' అను ప్రశ్న పోలేదు.

ఒక చెరువు, మూడు ప్రతిపాదనలు

లెక్క తెలియుటకై ఒక చెరువును ఊహింతము. ఇది మేము ఉదాహరణకు కల్పించినదే గాని ఏ యూరి చెరువును కాదు. ఆయకట్టు 200 ఎకరములు. వానకాలము ముగియునప్పటికి చెరువు సగము మాత్రమే నిండినది. సభలో మూడు ప్రతిపాదనలు వచ్చినవి.

మొదటిది: మొత్తము ఆయకట్టుకు వరి వేయుట; వేసవిలో ఒక వాన రాకపోదని నమ్ముట. రెండవది: తూము దగ్గరి 100 ఎకరములకు వరి, మిగిలిన 100 ఎకరములు బీడు. మూడవది: మూడవ వంతు నేలకు మాత్రము వరి, తక్కిన నేలయందు మొక్కజొన్న, వేరుశనగ, నువ్వులు వంటి ఆరుతడి పైరులు. వరి యొక యెకరమునకు త్రాగు నీటితో ఆరుతడి పైరు రెండెకరములు పండునని వ్యవసాయశాఖవారు చెప్పుచునే యున్నారు.

సభలో ఎగువ రైతులు, నడిమి రైతులు, చివరి రైతులు అని మూడు వర్గములు. ప్రతి వర్గమును ప్రతి ప్రతిపాదనకు తమ సమ్మతిని అణాలలో చెప్పవలెనని కోరినాము. మొదటి ప్రతిపాదనకు ఎగువవారు 15, నడిమివారు 11, చివరివారు 2 అణాలనిరి. రెండవదానికి ఎగువవారు 16, నడిమివారు 12, చివరివారు 1. మూడవదానికి మూడు వర్గములవారును తొమ్మిదేసి అణాలనిరి.

చేతులెత్తి ఓట్లు తీసినచో ఏమగును? ఎగువవారికిని నడిమివారికిని రెండవదే మిక్కిలి యిష్టము. రెండు వర్గములు ఒకవైపు, ఒక్కటి యొకవైపు. రెండవ ప్రతిపాదన గెలుచును. చివరివారి 100 ఎకరములు బీడగును. అణాలను కూడి సగటు తీసినను రెండవదే గెలుచును. మొదటిదాని మొత్తము 28, రెండవదాని మొత్తము 29, మూడవదాని మొత్తము 27. చివరివారి ఒక్క అణా దుఃఖమును ఎగువవారి పదియారణాల సంతోషము కప్పివేసినది. సగటు లెక్కకు ఈ గుణము ఎప్పుడును కలదు: ఒకచోటి లోతును ఇంకొకచోటి ఎత్తుతో పూడ్చి చదును చేసి చూపును.

1970లో రిచర్డ్ బెల్‌మన్ అను గణితవేత్తయు జాదేయు కలిసి వ్రాసిన వ్యాసమున వేరొక దారి చూపబడినది. అనేక కోరికలును అనేక నిర్బంధములును ఉన్నప్పుడు, అన్నియు కలిసి నెరవేరుట యనగా వానిలో అన్నిటికంటె తక్కువ నెరవేరినది యెంతయో అంతే యని వారనిరి. పదును, విత్తనము అను ఉదాహరణలో మనము చూచినది ఇదియే. ఈ కొలతతో చూచినచో మొదటి ప్రతిపాదన విలువ 2 అణాలు, రెండవదాని విలువ ఒక అణా, మూడవదాని విలువ 9 అణాలు. మూడవదియే మేలు. గొలుసు బలము దానిలోని బలహీనపు కొక్కెమంత యని కమ్మరి చెప్పు మాటయే గణితమై వచ్చినది.

ఈ మార్గమునకు మన తెలుగునేల నీళ్ళమీదనే ఒక దృష్టాంతము కలదు. పోచంపాడు వద్ద 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు తరువాత శ్రీరామసాగరమను పేరు పొందినది; దాని కాకతీయ కాలువ వరంగల్లు సీమకు నీరు తెచ్చును. ఆ ప్రాజెక్టు క్రింద ఏ పంటలు ఎంతెంత వేయవలెనను విషయమును 2000 సంవత్సర ప్రాంతమున కె. శ్రీనివాసరాజు, డి. నగేశ్‌కుమార్ అను శాస్త్రజ్ఞులు అస్పష్ట గణితముతో పరిశీలించిరి. రైతుల నికర ఆదాయము, పంట దిగుబడి, కూలీలకు పని యను మూడు లక్ష్యములను వారు తీసికొనిరి. మూడును ఒకేసారి పదియారణాలు నెరవేరవు. ఒకటి పెంచిన మరియొకటి తగ్గును. ఏ లక్ష్యమును అణగారిపోకుండ నడిమి మార్గమును వెదకుటకే ఈ గణితము పనికివచ్చినది.

సగటుకును కనిష్ఠమునకును నడుమ

అయితే కనిష్ఠపు లెక్కలో ఒక దోషము కలదు. ఎవరో ఒక్కరు 'నాకు సున్న' అని మొండికెత్తినచో ఎంత మంచి ప్రతిపాదనయైనను సున్న యగును. సగటు బలహీనుని మాట విననిది. కనిష్ఠము మొండివాని మాటయే వినునది. ఈ రెంటికి నడుమ నుండు మార్గమును 1988లో రొనాల్డ్ యేగర్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. అణాలను ఎవరివని చూడక, ఎక్కువనుండి తక్కువకు వరుసగా పేర్చి, ఆ వరుసలోని స్థానమును బట్టి బరువు నిచ్చుట ఆ పద్ధతి.

మన ఉదాహరణలో అన్నిటికంటె తక్కువైన అంకెకు సగము బరువును, తక్కిన రెంటికి పావు చొప్పున బరువును ఇత్తము. మొదటి ప్రతిపాదనలో 15లో పావు మూడుంబావు కాదు, మూడుముప్పావు. 11లో పావు రెండుముప్పావు. 2లో సగము ఒకటి. వెరసి ఏడున్నర అణాలు. రెండవదానిలో 16లో పావు నాలుగు, 12లో పావు మూడు, ఒకటిలో సగము అర. వెరసి ఇదియు ఏడున్నరయే. మూడవది తొమ్మిది. ఇచ్చటను మూడవదియే పైన నున్నది. కాని ఒక్కరి మొండితనముచే మొత్తము కూలదు. చివరివానికి ఎంత బరువు ఈయవలెనన్నది గణితము చెప్పదు. అది న్యాయమును గూర్చిన ప్రశ్న. ప్రతిపాదనలు రాకముందే, ఎవరికి లాభమో తెలియకముందే, సభ తీర్మానించుకొనవలసినది.

లెక్క చూపిన నాలుగవ దారి

ఈ పద్ధతి వలన కలుగు ముఖ్యమైన మేలు గెలుపోటములు తేల్చుట కాదు. ఎక్కడ, ఎవరికి, ఎంత తక్కువ పడుచున్నదో అది చూపును. మూడవ ప్రతిపాదనలో అందరికిని తొమ్మిదేసి అణాలే. ఎవరికిని నిండు సంతోషము లేదు. రెండవదానిలో ఇద్దరికి సంతోషము, ఒకరికి దుఃఖము. అట్లయిన రెండవదానిలోని దుఃఖమును మాత్రము తీయవచ్చునా అను ప్రశ్న అప్పుడు పుట్టును.

సింహళమున చెరువుల క్రింద బెత్మ యను పాత ఆచారము కలదు. నీరు చాలని కాలమున తూము దగ్గరి భూమిని మాత్రమే సాగుచేసి, ఆ భూమిని ఆ పంటకాలమునకు మాత్రము ఆయకట్టు రైతులందరును భాగములు వేసికొందురు. చివరివాని భూమి బీడైనను వానికి ఎగువను ఒక చెక్క దొరకును. పంట కోసిన తరువాత ఎవరి భూమి వారిది. దామాషాగా పంచుకొనుట యని మనమనునదియు ఈ న్యాయమే. దీనిని నాలుగవ ప్రతిపాదనగా సభ ముందు పెట్టినచో ఎగువవారు 10, నడిమివారు 11, చివరివారు 10 అణాలనిరనుకొందము. మొత్తము 31, కనిష్ఠము 10, యేగరు లెక్కలో పదింబావు. ఏ కొలతతో చూచినను ఇదియే మేలు. మొదటి మూడింటిలో ఏది గెలువవలెనని రాత్రియంతయు వాదించియుండినచో ఈ నాలుగవది పుట్టియుండెడిది కాదు.

ఎగువవారు పదియారు నుండి పదికి ఏల దిగిరి అని అడుగవచ్చును. నేలను ఒక కారు ఇచ్చుట త్యాగమే. కాని మొదటి ప్రతిపాదనలో పంట నడుమ చెరువెండినచో వారి పైరును కొంత యెండును; రెండవదానిలో రాత్రివేళ కాలువకు గండి పడు భయమును, పొరుగువారితో పగయు కలవు. పొరుగువాని బీడు నడుమ పచ్చని మడికి కాపలా ఎంత కష్టమో అందరికిని తెలిసినదే.

ఓట్లు చాలవా?

చేతులెత్తు పద్ధతి సులభమైనది, నిజమే. కాని దానియందు ఒక విచిత్రము కలదని ఫ్రాన్సు దేశపు కొండార్సె 1785లోనే చూపెను. ఒక వర్గమువారు మొక్కజొన్న, వేరుశనగ, నువ్వులు అను వరుసలో కోరుదురు. రెండవ వర్గమువారు వేరుశనగ, నువ్వులు, మొక్కజొన్న అందురు. మూడవవారు నువ్వులు, మొక్కజొన్న, వేరుశనగ అందురు. రెండేసి చొప్పున ఓట్లు తీసినచో మొక్కజొన్న వేరుశనగను ఓడించును. వేరుశనగ నువ్వులను ఓడించును. నువ్వులు మొక్కజొన్నను ఓడించును. గానుగెద్దు తిరిగినట్లు తిరుగుటయే గాని ముగింపు లేదు. ఏ రెంటిని మొదట ఓటుకు పెట్టవలెనో నిర్ణయించు అధ్యక్షుని చేతిలోనే ఫలితమంతయు నుండును. వరుసలను మాత్రమే తీసికొను ఏ పద్ధతియు న్యాయమైన షరతులన్నిటిని ఒకేసారి నెరవేర్చలేదని 1951లో కెన్నెత్ యారో సిద్ధాంతీకరించెను.

అణాల పద్ధతిలో వరుసతోపాటు గాఢతయు తెలియును. ఒకరికి రెండు పంటల నడుమ అర్ధణా భేదమే. మరియొకరికి పదణాల భేదము. ఆ సంగతి బయటపడినచో చిక్కుముడి పలుమారు తానే విడును. ఐనను దీనితో చిక్కులన్నియు తీరినవని చెప్పరాదు. నా పదణాలును నీ పదణాలును సమానమని ఎట్లు తెలియును? ఒకరు స్వభావముచే అన్నిటికిని పన్నెండనువారు. ఒకరు అన్నిటికిని ఐదనువారు. అందుచేత అంకెకు అర్థము ముందుగా ఒడబడిక చేసికొనవలెను. పదియారణాలనగా 'సంతోషముతో ఒప్పుకొందును'. పన్నెండనగా 'ఒప్పుదును, కొద్ది కొరత కలదు'. ఎనిమిదనగా 'సగము నష్టము, సగము లాభము'. నాలుగనగా 'అప్పు చేయక గడువదు'. సున్న యనగా 'ఈ కారు నా కుటుంబమునకు ఆధారము లేదు'. మాటలు మొదట, అంకెలు తరువాత.

సభలో అనుసరింపదగిన క్రమము

మా సూచనలు ఇవి. మొదట చెరువు నీటిమట్టమును కొలిచి, గత సంవత్సరముల మట్టములతో కలిపి అందరికి చదివి వినిపింపవలెను. కొలువదగినదానిని ఊహకు విడువరాదు. రెండవది, ప్రతిపాదనలన్నియు వ్రాయబడువరకు అణాలు అడుగరాదు. మూడవది, మాటలాడుటకు ముందే ప్రతివారును తమ అణాలను విడివిడిగా చీటీమీద వ్రాయవలెను. చదువురానివారు పదియారు గింజలలో కావలసినన్ని డబ్బాలో వేయవచ్చును. పెద్దలు ముందు మాటలాడినచో చిన్నవారి అణాలు వారి నోటివెంట నడచును. కౌలుదారులును, భర్తతోపాటు పొలములో శ్రమించు స్త్రీలును తమ చీటీలు తామే వ్రాయవలెను. పట్టా ఒకరి పేర, చెమట ఒకరిది యైనచో, పంట సంగతి చెమటకే యెక్కువ తెలియును.

నాలుగవది, వర్గములోని కుటుంబముల అణాలను వరుసగా పేర్చి నడిమి అంకెను తీసికొనవలెను, సగటు వలదు. ఒకరిద్దరు అతిశయోక్తిగా సున్నయో పదియారో వేసినను నడిమి అంకె అంతగా కదలదు. ఐదవది, నాలుగణాలకు తక్కువ వేసిన వర్గము కారణము చెప్పవలెను. ఆ కారణము పొలమువద్దకు పోయి చూడదగినదిగా నుండవలెను. ఆరవది, కారణములు విన్న తరువాత మరల ఒకసారి చీటీలు వ్రాయవలెను. మొదటి చుట్టునకును రెండవ చుట్టునకును అంకెలు దగ్గర పడినచో సమ్మతి పెరుగుచున్నదని అర్థము. దూరమైనచో క్రొత్త ప్రతిపాదన వెదకవలెను. ఏడవది, అంకెలును కారణములును తీర్మానముల పుస్తకములో వ్రాసి, కోతల తరువాత నిజముగా ఎవరికి ఎన్ని అణాల పంట వచ్చినదో వాటి ప్రక్కనే వ్రాయవలెను. రెండు మూడేండ్లలో ఆ పుస్తకమే ఊరికి ఉపాధ్యాయుడగును.

ఇక హెచ్చరిక యొక్కటి. అంకె వేసినంత మాత్రమున ఊహ నిజము కాదు. చెరువులో లేని నీటిని ఏ గణితమును పుట్టింపలేదు. ఒకరి భయముచే వ్రాయబడిన అణాలు అణాలు కావు; ఆ సభలో మొదట భయమును తీయవలెను గాని లెక్కను మార్చరాదు. సహకార సంఘమునకు ప్రాణమైన సూత్రము సభ్యునికి ఒక ఓటు; ఎకరములను బట్టి మాట బరువు పెరుగదు. అణాల పద్ధతి ఆ సూత్రమునకు తోడుగా నుండవలెనే గాని దానిని త్రోసివేయరాదు. తుది తీర్మానము సభదే, చేతులెత్తుటయు సభదే. చేయి యెత్తుటకు ముందు, తన చేతి నీడ ఎవరి మడిమీద ఎంత పడునో ప్రతి సభ్యునికిని తెలియుటకు మాత్రమే ఈ లెక్క.

యాసంగి సభలు దగ్గర పడుచున్నవి. సభ్యులు తమ తమ చెరువుల క్రింద ఒక్కమారు ఈ క్రమమును పరీక్షించి చూడవలెనని కోరుచున్నాము. చిన్న కుంటతో ఆరంభించుట మేలు. ఫలితము మంచిదైనను చెడ్డదైనను సంఘ కార్యాలయమునకు వ్రాసి పంపినచో, ఇతర గ్రామముల వారికి తెలియునట్లు ఈ పత్రికలో ప్రకటింతుము.